నామ్చేలో విశ్రాంతి రోజు పడుకోవడానికి కాదు

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దారిలో లుక్లా (2,860 మీ.) నుంచి రెండో రోజుకే నామ్చే బజార్ (3,440 మీ.) చేరతారు. అక్కడ రెండు రాత్రులు ఉండాల్సిందే. మధ్య రోజు గదిలో ముసుగుతన్ని పడుకోకుండా, 3,880 మీటర్ల ఎత్తున్న ఎవరెస్ట్ వ్యూ హోటల్ దాకా నెమ్మదిగా ఎక్కి, కాసేపు కూర్చుని, మధ్యాహ్నానికి దిగొచ్చేయండి. తక్కువ ఆక్సిజన్‌కు ఒళ్లు అలవాటు పడుతుంది, నిద్ర మాత్రం కిందే. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మద్యం, నిద్రమాత్రలు అసలొద్దు. వాటివల్ల రాత్రి శ్వాస మందగిస్తుంది.

గ్రూపు ఆగిపోతుందని, ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, వికారం దాచేవాళ్లుంటారు. దయచేసి గైడ్‌కి వెంటనే చెప్పండి. తగ్గేదాకా పైకి కదలొద్దు. నడక తూలుతుంటే తెల్లారేదాకా ఆగకుండా, తోడుతో కిందికి దిగాల్సిందే.