నీళ్లు ఆరాక మిగిలే తెల్ల మరకలు: సమస్య - పరిష్కారం

ఆవిరయ్యేది నీరొక్కటే. అందులో కరిగిన ఉప్పులు ఎక్కడికీ పోవు. లీటరులో 300 మిల్లీగ్రాముల లవణాలుంటే, ఆ లీటరంతా ఇగిరిపోయాక ఇంచుమించు అంతా గిన్నెలోనే ఉంటుంది. కింది తిప్పలన్నీ ఇక్కడ మొదలయ్యేవే.

సమస్య: గాజు గ్లాసు మీద తెల్లటి చుక్కలు. ఎన్నిసార్లు కడిగినా మళ్లీ వస్తాయి.

కారణం: సబ్బు పోలేదేమో అనుకుని మళ్లీ కడుగుతాం. నిజానికి మరక పడేది గ్లాసు దానంతటదే ఆరేటప్పుడు. ఒక చుక్కను వెలుతురుకు పట్టి చూడండి. చాలావాటిలో మధ్యన పలచగా, చుట్టూ ఉంగరంలా చిక్కగా ఉంటుంది. చుక్క అంచు గాజుకు అతుక్కుని కదలదు. నీరు అక్కడే త్వరగా ఆరుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు అంచువైపు పారుతూ, తనలో ఉన్నదంతా అక్కడికి మోసుకుపోతుంది. కాఫీ మరక అంచు ముదురుగా ఉండేదీ ఇందుకే. ఇంత మామూలు విషయానికి శాస్త్రవేత్తల నుంచి సరైన వివరణ వచ్చింది 1997లో!

పరిష్కారం: ఆరేలోపే పొడిగుడ్డతో తుడవండి, నీటితోపాటు ఉప్పులూ గుడ్డకు పోతాయి. పాత మరకలకు వెనిగర్ చాలు.

సమస్య: కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు. నీళ్లు మరగడం ఆలస్యమవుతోంది.

కారణం: ఇక్కడ ఆవిరితోపాటు వేడి కూడా పని చేస్తుంది. నీటిలోని కాల్షియం బైకార్బనేట్ వేడికి విడిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసి, నీటిలో దాదాపు కరగని కాల్షియం కార్బనేట్ అడుగున పేరుకుంటుంది. పాలరాయిలో ఉండేదీ ఇదే. మిగిలిన నీళ్ల మీదే కొత్తవి పోస్తూ ఉంటే పని ఇంకా చెడుతుంది.

పరిష్కారం: నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి వేడి చేసి, అరగంట వదిలేయండి. బుడగలు బుసబుస వస్తే పెచ్చు కరుగుతున్నట్టే. తర్వాత రెండుసార్లు కడగండి. నేనొకసారి తొందరపడి చెంచాతో గీకాను. పెచ్చు సగమే ఊడింది, గీతలు మాత్రం మిగిలాయి. వెనిగర్, నిమ్మ ఉప్పు దేన్నీ బ్లీచ్‌తో కలపకండి, విషవాయువు వస్తుంది. పాలరాతి మీద కూడా వాడకండి, రాయినే తినేస్తాయి.

సమస్య: గోడ మీద తెల్లటి పొడి.

కారణం: గోడలోని తేమ లవణాలను బయటికి తెచ్చి, పైన ఆరిపోతుంది.

పరిష్కారం: తడిగుడ్డ వద్దు, పొడి కరిగి మళ్లీ గోడలోకే ఇంకుతుంది. పొడి బ్రష్‌తో దులపండి. తేమ ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టి ఆపేదాకా రంగు వేయకండి, పొరలుగా లేచిపోతుంది.

సమస్య: ఎయిర్ కూలర్ ప్యాడ్లు గట్టిపడ్డాయి.

పరిష్కారం: ఆరిన కొద్దీ నీళ్లు పోస్తూ పోతే ట్యాంకులో ఉప్పు చిక్కబడుతుంది. అప్పుడప్పుడూ పాత నీళ్లు మొత్తం పారబోసి కొత్తవి పట్టండి.