సోలార్ ట్యాంకులో నీళ్లు కాగుతున్నా కుళాయిలో గోరువెచ్చగానే వస్తుంటే

ఈ ఫిర్యాదుకు చాలామంది ప్లంబర్లు చెప్పే మందు ఒక్కటే: "పైపుకు ఇన్సులేషన్ వేయించండి సార్." వేయించే ముందు, ఎండ బాగా కాసిన సాయంత్రం వేడి కుళాయి తిప్పి రెండు మూడు నిమిషాలు వదిలేయండి. కాసేపటికి వేడి అందుకుందా, ఎంతసేపైనా గోరువెచ్చగానే ఉందా? రెండూ వేరు వేరు జబ్బులు.

మొదట చల్లగా వచ్చి, తర్వాత వేడెక్కుతుంటే

పైపులో నిలిచి చల్లారిన నీళ్లవి. ముప్పావు అంగుళం సీపీవీసీ (వేడి నీళ్లకు వాడే ప్లాస్టిక్) పైపు మీటరుకు దాదాపు పావు లీటరు పట్టుకుంటుంది. డాబా నుంచి బాత్రూమ్‌కి 20 మీటర్లుంటే ఐదు లీటర్లు పోయాకే వేడి నీళ్లు. ఇన్సులేషన్ ఇక్కడ పనికొస్తుంది, కానీ ఒకరి స్నానానికీ మరొకరి స్నానానికీ మధ్య మాత్రమే. రాత్రంతా నిలిచిన నీళ్లు ఎంత మందం చుట్టినా తెల్లారేసరికి చల్లారతాయి. ఆ ఐదు లీటర్లు బకెట్లో పట్టి మొక్కలకు పోయడమే.

చుట్టేటప్పుడు 13 లేదా 19 మిల్లీమీటర్ల నల్ల నైట్రైల్ రబ్బరు గొట్టం తీసుకోండి. ఎల్బోలు (పైపు మలుపులు), జాయింట్లు వదలకూడదు. మనవాళ్లు వదిలేసేది సరిగ్గా అక్కడే. ఎండ తగిలే చోట పైన అల్యూమినియం రేకో టేపో ఉండాలి, లేకపోతే రబ్బరు పగిలి రాలిపోతుంది. గోడలో పూడ్చేసిన పైపుకు ఇప్పుడు చేయగలిగింది లేదు.

ఎంతసేపు వదిలినా వేడెక్కకపోతే

తప్పు ఇన్సులేషన్‌ది కాదు. పారుతున్న నీళ్లు ఇంటి పైపులో కోల్పోయేది మామూలుగా ఒకటి రెండు డిగ్రీలే. ఎక్కడో చన్నీళ్లు వేడి లైన్లో కలుస్తున్నాయి.

ఇలా తేల్చుకోండి: సోలార్ ట్యాంకులోకి చన్నీళ్లు వెళ్లే వాల్వ్ పూర్తిగా కట్టేసి, కింద వేడి కుళాయి తిప్పండి. కాసేపటికి ధార ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉంటే అవి చల్లని లైన్ నుంచి దొంగదారిలో వస్తున్న నీళ్లు. అలాగే ఉంచి, బాత్రూముల్లో మిక్సర్ల (వేడి, చల్లని నీళ్లు కలిపే కుళాయిల) కింద గోడకుండే చిన్న యాంగిల్ వాల్వులు ఒక్కొక్కటే కట్టుకుంటూ రండి. ఏది కట్టాక ధార ఆగితే దొంగ అక్కడున్నట్టు.

ఎక్కువగా దొరికేది హ్యాండ్ షవర్ ఉన్న మిక్సర్. వేడి, చల్లని నాబ్‌లు రెండూ తెరిచే ఉంచి, చివర బటన్‌తో నీళ్లు ఆపుతుంటాం. లోపల రెండు లైన్లూ కలిసిపోతాయి. నాబ్‌లు కట్టడం ఇంట్లో అందరికీ అలవాటైతే ఖర్చే లేదు. కాకపోతే (పిల్లలున్న ఇంట్లో కాదనే అనుకోండి) ఆ మిక్సర్‌కు వెళ్లే రెండు లైన్లలోనూ నాన్ రిటర్న్ వాల్వులు (నీళ్లను వెనక్కి పోనివ్వనివి) పెట్టించండి. నాబ్‌లు కట్టినా కలుస్తుంటే మిక్సర్ లోపల నీళ్లు ఆపే కార్ట్రిడ్జ్ అరిగినట్టే, మార్చేయాలి.

ఇది సరిచేశాక కుళాయిలో 60 డిగ్రీల నీళ్లు రావచ్చు. అవి కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి. బకెట్లో ముందు చన్నీళ్లు పట్టండి.

పరీక్షలో ట్యాంకు వాల్వ్ ఒక్కటి కట్టగానే కాసేపటికి ధార ఆగిపోయిందా? అయితే పైపులు బాగానే ఉన్నట్టు, నీళ్లే మీరనుకున్నంత కాగడం లేదేమో. గాజు గొట్టాల మీద నీడ, వాటిలో బోరు నీళ్ల సున్నం చూసుకోవాలి.