జబ్బు ఎలా అంటుకుంటుందో పిల్లలకు చెప్పడం ఎలా?

ఐదారేళ్ల పిల్లల్ని "నీకు జ్వరం ఎందుకొచ్చింది?" అని అడిగి చూడండి. "అమ్మ మాట వినలేదుగా, అందుకే" అనే పిల్లలు చాలామందే ఉంటారు. తప్పు చేస్తే శిక్ష దానంతట అదే వచ్చిపడుతుందని చిన్నపిల్లలు నమ్ముతారని స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే 1932లోనే రాశారు. జబ్బును కూడా వాళ్లు ఆ లెక్కలోనే వేసుకుంటారు. "ఐస్‌క్రీమ్ వద్దంటే విన్నావా? ఇప్పుడు అనుభవించు" అని మనం కసిరితే ఆ నమ్మకం ఇంకా గట్టిపడుతుంది.

కాబట్టి ముందు కసరడం ఆపి, వాళ్లు ఏమనుకుంటున్నారో అడగండి. మధ్యలో సరిదిద్దకుండా చివరిదాకా వినండి. కాలు విరిగిన స్నేహితుడి పక్కన కూర్చుంటే తన కాలూ విరుగుతుందని భయపడే పిల్లలున్నారు. కాస్త పెద్దవాళ్లు "క్రిములు" అంటారు గానీ, అవి ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తాయో చెప్పలేరు. ఎక్కడ తడబడితే అక్కడి నుంచి మొదలుపెట్టండి. అంతకంటే ముందు "ఇందులో నీ తప్పేం లేదు" అని చెప్పండి.

తర్వాత ఒక్కో జబ్బు వచ్చే దారి చెప్పాలి. "క్రిములు అంతటా ఉంటాయి" అంటే పిల్లలకు టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. జలుబు తుమ్ము తుంపర్లతో, చేతులతో వస్తుంది. టైఫాయిడ్ కలుషితమైన నీళ్లతో, తిండితో వస్తుంది. డెంగీకి దోమ కావాలి, డెంగీ వచ్చిన తమ్ముడి పక్కన కూర్చుని అన్నం తిన్నంత మాత్రాన రాదు. కళ్లకలక చూపుతో అంటుకోదు, చేతులు, తువ్వాలు, దిండు ద్వారా అంటుకుంటుంది. ఇది తప్పకుండా చెప్పండి. క్లాసులో కళ్లకలక వచ్చిన పిల్లాడి మొహం చూడటానికే అందరూ భయపడుతుంటే ఆ పసివాడికి ఎంత కష్టంగా ఉంటుందో!

ఇక కళ్లకు కనిపించేలా చూపించండి. కాస్త పసుపులో రెండు చుక్కల కొబ్బరినూనె కలిపి పిల్లల అరచేతికి రాసి, పది నిమిషాలు మామూలుగా ఆడుకోనివ్వండి (పాత బట్టలు వేయండి, మరక ఓ పట్టాన పోదు). ఆ తర్వాత ఇద్దరూ కలిసి పసుపు కోసం వెతకండి. రిమోట్ మీద, తలుపు గడియ మీద, మంచినీళ్ల గ్లాసు అంచున, చెల్లి బుగ్గ మీద, వాళ్ల ముక్కు మీదే దొరుకుతుంది. ఇప్పుడు వట్టి నీళ్లతో చేతులు కడిగించండి. వేళ్ల సందుల్లో, గోళ్ల చుట్టూ పసుపు అలాగే ఉంటుంది. తర్వాత సబ్బుతో 20 సెకన్లు రుద్దించండి. నిజం క్రిములు పసుపులా కనిపించవని మాత్రం మర్చిపోకుండా చెప్పండి, లేకపోతే చేయి తెల్లగా ఉంటే శుభ్రంగా ఉన్నట్టే అనుకుంటారు.

డెంగీ సంగతికి పెరట్లోకి తీసుకెళ్లండి. కూలర్, పూలకుండీ కింది పళ్లెం, పాత టైరు, కొబ్బరి చిప్ప చూపించండి. నిలిచిన నీళ్లలో మెలికలు తిరిగే పురుగులే రేపటి దోమలు. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది, వారానికోసారి డ్రై డే (నిలిచిన నీళ్లన్నీ పారబోసి ఆరబెట్టే రోజు) పాటించమనేది ఇందుకే. ఆ నీళ్లు వాళ్ల చేతే పారబోయించండి.

పిల్లలకు అన్నిటికంటే కష్టంగా అర్థమయ్యేది మధ్యలో గడిచే కాలం. ఆటలమ్మ సోకాక బయటపడటానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. కాబట్టి నిన్న ఎవరితో ఆడారన్నది కారణం కాదు. క్యాలెండర్ ముందు పెట్టి వెనక్కి లెక్కబెట్టించండి. పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అది అంటుకుంటుంది, అంటే అంటించిన స్నేహితుడికీ ఆ సంగతి తెలియదు. నానమ్మ మంచం మీద వేపాకులు పెడతానంటే పెట్టనివ్వండి. "అమ్మవారికి కోపమొచ్చింది" అనే మాట మాత్రం పిల్లల చెవిన పడనివ్వకండి, మళ్లీ తన తప్పే అనుకుంటారు.

పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టాక ఆ స్నేహితుడు బడికి వస్తాడని, అప్పుడు పక్కనే కూర్చోవచ్చని ముందే చెప్పి ఉంచండి. అప్పటిదాకా ఇద్దరినీ ఫోన్లో మాట్లాడుకోనివ్వండి.