పాప సరిగ్గానే పాడుతోంది, యాప్ తప్పంటోంది

తిరుపతిలో సంగీతం టీచర్ల కోసం సాధన యాప్‌లు తయారుచేసే కుర్రాళ్లు నాతో చెప్పుకునే బాధ దాదాపు ఒకటే: "అన్నా, సరళీ వరుసలు శుద్ధంగా పాడినా అన్నీ ఎర్ర గుర్తులే వస్తా ఉండాయి. మోడల్‌కి మళ్లీ ట్రైనింగ్ ఇయ్యాల్నా?"

వద్దు. స్వరాన్ని గుర్తుపట్టే ఆ మోడల్ జోలికి పోకండి.

ముందు శ్రుతి చూడండి. యాప్‌లో ఒకటి శ్రుతి పెట్టి ఉండి, పాప అయిదు శ్రుతిలో పాడితే షడ్జమే పంచమంగా కనిపిస్తుంది. అర నిమిషం పని ఇది. దీన్ని వదిలేసి కొత్త రికార్డింగులు పోగుచేయడానికి బయల్దేరేవాళ్లే ఎక్కువ.

శ్రుతి సరిపోయింది, అయినా ప్రతి స్వరమూ ఒకే కొలతలో తప్పుతోంది

షడ్జం పాడితే ముల్లు దాని కిందుండే కాకలి, కైశికి నిషాదాల నడుమ నిలబడుతుంది. పంచమం పాడితే రెండు మధ్యమాల నడుమ. ఈ గుర్తు కనబడితే కారణం శాంపిల్ రేటే, అంటే మైకు ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుందన్న లెక్క. ఫోన్ మైకు సెకనుకు 48,000 శాంపిళ్లు ఇస్తుంటే, కోడ్‌లో 44,100 అని రాసిపెట్టి ఉంటుంది. అప్పుడు 440 హెర్ట్జ్ స్వరం 404గా తేలుతుంది. అంటే సుమారు 147 సెంట్లు (స్వరస్థానానికి వంద సెంట్లు), ఒకటిన్నర స్వరస్థానం కిందికి.

ఇది నన్ను చాలా ఏడిపించిన జబ్బు. స్వరాల మధ్య దూరాలు చెడవు కాబట్టి గ్రాఫ్ చూడ్డానికి చక్కగానే ఉంటుంది. 44,100 దగ్గర నడిచే ల్యాప్‌టాప్‌లో అన్నీ పచ్చగా వస్తాయి, క్లాసులో పిల్లల ఫోన్లలోనే తప్పుతుంది. ఇక పాటలోంచే షడ్జాన్ని ఊహించుకునే యాప్ అయితే తప్పు బయటికే రాదు; పాప తంబూరాతో కలవకపోయినా శభాష్ అంటుంది.

ఇంకో ఫోన్‌లో 440 హెర్ట్జ్ మోగించి, యాప్ ఏం చెబుతోందో చూడండి. 404 అన్నా, రెండు రేట్లూ తారుమారై 479 అన్నా రోగం తెలిసిపోయినట్టే. రేటును కోడ్‌లో రాసిపెట్టకండి, నడిచేటప్పుడు పరికరాన్నే అడగండి. తర్వాత మోడల్‌కు కావలసిన రేటుకు మార్చండి. స్వరం ఎత్తును పట్టే క్రెప్ (CREPE) అనే మోడల్‌కు అది 16,000. మధ్యలో శాంపిళ్లు తీసిపారేస్తే కుదరదు, ముందు ఫిల్టర్ పెట్టాలి. ఆ పనికి రీశాంప్లింగ్ లైబ్రరీలున్నాయి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ తగిలిస్తే మైకు 8,000కో 16,000కో పడిపోవచ్చు. అందుకే మైకు మారిన ప్రతిసారీ మళ్లీ అడగాలి.

దీర్ఘంగా పట్టిన స్వరం మధ్యలో మాయమవుతోంది

కదలని స్వరాన్ని ఫోన్ ఫ్యాన్ చప్పుడనుకుని తుడిచేస్తోంది. చప్పుడు తుడిచే నాయిస్ సప్రెషన్, ప్రతిధ్వని తీసే ఎకో క్యాన్సిలేషన్, శబ్దాన్ని తనంతట తానే పెంచి తగ్గించే ఆటో గెయిన్ మూడూ ఆపేయండి. తంబూరా ఇయర్‌ఫోన్‌లో వినిపించండి, లేకుంటే మోడల్ పాపను వదిలి తంబూరాను పట్టుకుంటుంది. మే నెల తిరుపతిలో ఫ్యాన్ ఆపమని ఎవర్నీ అడగలేం. మైకును నోటి దగ్గరికి తెస్తే చాలు.

తోడి రాగంలో గాంధారం దగ్గర మాత్రమే తప్పంటోంది

అక్కడ పాప తప్పేమీ లేదు. ఆ గాంధారం ఊగుతుంది. ఒక్క స్థానంతో పోల్చి మార్కులు వేయకండి, టీచర్ పాడిన గమకం (స్వరాన్ని ఊపే తీరు) గీతతో పోల్చండి. పిల్లల చేత గమకం మాన్పించే యాప్‌ను క్లాసులోకి తేవద్దు.

మైకు పాడవడం, ఫోన్ పాతదవడం అరుదు. పైవన్నీ చూశాకే వాటి సంగతి.