ఇంటికొచ్చినా ఆఫీసు వదలడం లేదా? ఇలా చేసి చూడండి

మా అమ్మ తెనాలి నుంచి వచ్చి హైదరాబాద్‌లో మా దగ్గర ఉన్న రోజుల్లో ఒక అలవాటు చేసుకుంది. నాతో మాట్లాడాలంటే గది గుమ్మం దగ్గరే ఆగి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఏరా, కాల్‌లో ఉన్నావా?" అని కళ్లతోనే అడిగేది. కుక్కర్ మొదటి విజిల్ వేయగానే పరుగున వెళ్లి స్టవ్ కట్టేసేది. కాల్ అయిపోయి గంట దాటినా అంతే. ఒకరోజు పప్పు పలుకుగా ఉందేమిటమ్మా అంటే, "నీకు మళ్లీ కాల్ ఉందేమోనని ఆపేశాన్రా" అంది.

ఆ 'ఉందేమో' దగ్గరే ఇల్లు నలిగిపోతోందని నాకు అప్పుడు తెలిసొచ్చింది. రోజూ పది గంటల పని అంటే ఇంట్లోవాళ్లు ఎలాగో సర్దుకుంటారు. ఎప్పుడు పిలుస్తారో తెలియకపోతే దేనికని సర్దుకుంటారు? పిల్లాడు స్కూల్ సంగతి చెప్పబోయి మన ముఖం చూసి ఆగిపోతాడు. మనమూ అన్నం తింటున్నంతసేపూ ఒక చెవి ఫోన్ మీదే పెట్టి ఉంటాం. అందుకే కింద చెప్పే పనులన్నీ ఆ 'ఏమో'ని తగ్గించడానికే.

1. ముందు వారం రోజులు రాయండి

ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించండి. ఆఫీసు వేళ దాటాక ఫోన్ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ టైమ్, ఎవరు అడిగారు, పొద్దున్న దాకా ఆగేదా కాదా అన్నవి రాయండి. ఎవరూ అడక్కపోయినా మీరే తెరిచి చూస్తే అది కూడా రాయాలి. నా కాగితంలో అలాంటివే ఎక్కువ. ఆ రాత్రికే చూడాల్సినవి రెండే తేలాయి. ఈ కాగితం లేకుండా టీమ్ లీడ్‌తో మాట్లాడితే అది ఫిర్యాదులా వినిపిస్తుంది. ఉంటే లెక్క చూపించి అడిగినట్టు ఉంటుంది.

2. టీమ్‌తో ఒక్క మాట ఖాయం చేసుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఫ్రాన్స్‌లో పనివేళ దాటాక ఫోన్, మెయిల్ చూడకుండా ఉండే హక్కు 2017 జనవరి నుంచి చట్టంలో ఉంది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టులో వచ్చింది. మన దగ్గర ఎంపీ సుప్రియా సూలే లోక్‌సభలో ఇలాంటి ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. కాబట్టి మనం మాట్లాడి తెచ్చుకోవాల్సిందే.

రాత్రంతా వదిలేయమని అడగకండి, అమెరికా క్లయింట్ ఉన్నవాళ్లకి అది కుదరదు. రెండు గంటలు అడగండి. ఇలా చెప్పొచ్చు: "సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా నేను చాట్ చూడను. ప్రొడక్షన్ (కస్టమర్లు వాడే సిస్టమ్) ఆగిపోతే మాత్రం నేరుగా ఫోన్ చేయండి, తప్పకుండా తీస్తాను." అర్జెంట్ అయితే ఫోన్, మిగతావన్నీ మెసేజ్ అన్న తేడా ఒకసారి కుదిరితే, ప్రతి మెసేజ్‌నీ తెరిచి చూడాల్సిన టెన్షన్ పోతుంది. మాట ఇచ్చాక ఆ ఫోన్ మాత్రం ఎత్తాలి. రెండుసార్లు ఎత్తకపోతే ఆ ఏర్పాటు నిలవదు.

మీటింగ్ టైమ్ కూడా అడిగి చూడండి. న్యూయార్క్‌లో ఉదయం 11 అంటే వేసవిలో మనకి రాత్రి 8:30, నవంబర్ నుంచి మార్చి దాకా 9:30. పిల్లల్ని పడుకోబెట్టే వేళ సరిగ్గా దానికిందే పోతుంది. అదే వాళ్లు 8:30కి కూర్చుంటే మనకి సాయంత్రం 6, చలికాలంలో 7. అక్కడ క్లయింట్ దగ్గర పనిచేసే చాలామంది ఆన్‌సైట్ వాళ్లకి మన గడియారం గుర్తుండదు, చెప్తే ఒప్పుకుంటారు.

3. ఫోన్‌లో చేయాల్సినవి

ఆండ్రాయిడ్‌లో కంపెనీ వర్క్ ప్రొఫైల్ (ఆఫీసు యాప్‌లకి ఫోన్‌లో వేరే భాగం) ఇచ్చి ఉంటే ఆఫీసు యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు కనిపిస్తుంది. ఆ ప్రొఫైల్‌ని ఒక్క నొక్కుతో ఆపేయొచ్చు. అది లేకపోతే డు నాట్ డిస్టర్బ్‌కి టైమ్ పెట్టి, లీడ్ నంబరునీ ఇంట్లోవాళ్ల నంబర్లనీ మాత్రం అనుమతించండి. అందులోనే ఒకే మనిషి 15 నిమిషాల్లోపు రెండోసారి చేస్తే రింగ్ అయ్యే సదుపాయం కూడా ఉంటుంది, దాన్ని ఆన్‌లో ఉంచండి. వాట్సాప్‌లో ఆఫీసు గ్రూపుల్ని మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేయండి.

ఇంకోటి. రాత్రి పదింటికి మీకు ఏదైనా గుర్తొస్తే రాసి పెట్టుకోండి, కానీ షెడ్యూల్ సెండ్‌లో పొద్దున్న తొమ్మిదికి పెట్టండి. మీ జూనియర్ ఇంట్లో కూడా అప్పుడు ఎవరో ఒకరు అన్నం వడ్డిస్తూ ఉంటారు.

4. ఇంట్లోవాళ్లకి కనిపించే గుర్తు పెట్టండి

మా ఇంట్లో అది ల్యాప్‌టాప్ మూత. మూత తెరిచి ఉంటే పని, మూసి ఉంటే గట్టిగా పిలవొచ్చు, టీవీ పెట్టుకోవచ్చు. అమ్మకి మొదట నమ్మకం కుదరలేదు, వారం రోజులు వచ్చి మూత ముట్టుకుని చూసి వెళ్లేది. ఆ తర్వాత కుక్కర్‌ని దాని మానాన దాన్ని వదిలేసింది.

మూత మూశాక ఫోన్ కూడా హాల్లో ఛార్జర్ దగ్గరే ఉండాలి, మంచం పక్కన కాదు. రింగ్ వాల్యూమ్ పెంచుకోండి, అర్జెంట్ కాల్ అక్కడి నుంచే వినిపిస్తుంది.

5. ఆన్‌కాల్ వారం వేరు

ఆన్‌కాల్ అంటే ఏ వేళ సమస్య వచ్చినా మీరే చూడాల్సిన వంతు. ఆ వారం ఈ నియమాలు పనిచేయవు, పనిచేస్తాయని ఇంట్లో చెప్పకండి కూడా. ఆన్‌కాల్ రోజుల్ని వంటింటి క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గీసి పెట్టండి. పెళ్లిళ్లు, పేరెంట్స్ మీటింగ్‌లు, ఊరి ప్రయాణాలు చూసుకుని రోస్టర్ (వంతుల పట్టిక) వేయకముందే మార్పిడి అడగండి. వేశాక అడిగితే ఇంకొకరి ఇంటి ప్లాన్ చెడుతుంది.

ఒకవేళ ఈ వారం ఆన్‌కాల్ మీదే అయితే ఇప్పుడేమీ మొదలుపెట్టకండి. కాగితం మాత్రం అంటించి, లీడ్‌తో మాట వచ్చే సోమవారానికి పెట్టుకోండి.