ఉప్పు ఎంత పలచనైనా మీ నాలుక పట్టగలదా? కొలిచే పద్ధతి

చేపల పులుసు ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని ‘ఉప్పు పిసరంత తగ్గింది’ అని తేల్చేసేవాళ్లు నెల్లూరులో ఇంటికొకరు ఉంటారు. ఆ నాలుక ఎంత తక్కువ ఉప్పును పట్టగలదో అంకెల్లో చెప్పాలంటే మాత్రం పరీక్ష పెట్టాల్సిందే. ఫిజియాలజీ (శరీరం పనితీరు చెప్పే శాస్త్రం) ప్రాక్టికల్స్‌లో ఏళ్ల తరబడి ఈ పరీక్ష చేయిస్తున్నాను. చెడగొట్టేవాళ్లలో ఎక్కువమంది ఒకే చోట చెడగొడతారు: గ్లాసు చేతికిచ్చి ‘ఉప్పగా ఉందా?’ అని అడిగే దగ్గర.

సామాను తక్కువే. మెడికల్ షాపులో ఎన్‌ఎస్ (నార్మల్ సెలైన్, అంటే ఒంట్లోకి ఎక్కించే ఉప్పునీళ్లు) అని అడిగి 100 మిల్లీలీటర్ల సెలైన్ బాటిల్ కొనండి. డీఎన్‌ఎస్ ఇస్తే తీసుకోకండి, అందులో గ్లూకోజు ఉంటుంది. సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది కాబట్టి తూకం బాధ లేదు. సూది లేని సిరంజి, ఒకే రకం చిన్న గ్లాసులు, ఒక పాచిక, ఇద్దరు తోడు మనుషులు ఉంటే చాలు.

నీళ్లు ఆర్వోవే వాడండి. తీరం పక్క బోర్లలో టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, లీటరుకు 1000 మిల్లీగ్రాములు దాటే చోట్లు ఉన్నాయి. కనిగిరి వైపైతే ఫ్లోరైడ్ గొడవ వేరే. ఫిజియాలజీ పుస్తకాలు ఉప్పుకు చెప్పే హద్దు, అంటే నాలుక పట్టగలిగే అతి తక్కువ గాఢత, లీటరుకు దాదాపు 0.58 గ్రాములు, అంటే 580 మిల్లీగ్రాములు. బోరు నీళ్లు పోస్తే మీరు ‘ఉత్త నీళ్లు’ అనుకున్న గ్లాసులోనే అంతకంటే ఎక్కువ లవణాలు ఉండొచ్చు. ఒక బ్యాచ్ కుళాయి నీళ్లతో కలిపి, ఎవరికీ రుచి తెలియడం లేదని రికార్డులో రాసేసింది. ఆ రోజంతా వృథా. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ మాత్రం నోట్లో పోసుకోవద్దు.

సెలైన్ 50 మిల్లీలీటర్లు, నీళ్లు 50 మిల్లీలీటర్లు కలపండి. అందులోంచి 50 తీసి మళ్లీ 50 నీళ్లు. ఇలా ఏడుసార్లు చేస్తే లీటరుకు 4.5 గ్రాములతో మొదలై 2.25, 1.12, 0.56, 0.28, 0.14, 0.07 దాకా దిగుతుంది. అన్నీ గది వేడిమిలోనే ఉండాలి.

పరీక్షకు ముందు గంటసేపు ఏమీ తినకూడదు. వక్కపొడి, సిగరెట్, పేస్టు కూడా వద్దు. కారం దోశ తిని వచ్చినవాళ్లను నేను మర్నాడు రమ్మంటాను. కారం నిజానికి రుచి కాదు, మంట. అయినా ఆ మంట ఆరేదాకా నాలుక మాట నమ్మలేం.

ఇక అసలు పని. మూడు గ్లాసులు పెట్టండి. రెండింట్లో ఉత్త నీళ్లు, ఒకదాంట్లో అన్నిటికంటే పలచని ఉప్పునీళ్లు, తలా 10 మిల్లీ. ఉప్పు గ్లాసు ఎక్కడ పెట్టాలో పాచిక చెప్పాలి: 1, 2 పడితే మొదట, 3, 4 పడితే మధ్యలో, 5, 6 పడితే చివర. మన ఇష్టానికి పెడితే తెలియకుండానే మధ్యలోకి తోస్తాం. పోసిన మనిషి అక్కడ నిలబడకూడదు. అందించే మనిషికి ఏ గ్లాసులో ఏముందో తెలియకూడదు. తెలిస్తే ఆ ముఖమే జవాబు చెప్పేస్తుంది.

అడగాల్సిన ప్రశ్న ‘మూడింటిలో వేరేగా ఉన్నది ఏది?’ అని మాత్రమే. బాగా పలచనైన ఉప్పు చాలామందికి ఉప్పగా ఉండదు, కాస్త తియ్యగా అనిపిస్తుంది. ‘ఉప్పగా ఉందా?’ అంటే నిజాయితీగా లేదంటారు, మీరు తెలియలేదని రాసుకుంటారు. తేడా తెలియడం ఒక హద్దు, అది ఉప్పని గుర్తుపట్టడం ఇంకాస్త పైన ఉండే వేరే హద్దు. రెండూ కలిపేస్తే ఆ అంకెకు అర్థమే ఉండదు.

తెలియలేదన్నా సరే, ఏదో ఒకటి చూపించి తీరాలి. తప్పితే తర్వాతి గాఢతకు వెళ్లండి. ఒప్పైతే అదే గాఢత, పాచిక మళ్లీ వేసి. వరుసగా మూడుసార్లు ఒప్పైతేనే అది మీ హద్దు. రెండుసార్లు చాలంటారు కొందరు, నేను ఒప్పుకోను. గుడ్డిగా చెప్పినా రెండూ కలిసే అవకాశం 9లో 1, మూడూ కలిసేది 27లో 1. వేరే రోజు మళ్లీ చేసి, రెండు అంకెలూ ఒక మెట్టు లోపే ఉంటే అప్పుడు రాసుకోండి.

గ్లాసుకూ గ్లాసుకూ మధ్య నీళ్లు పుక్కిలించి అర నిమిషం ఆగాలి. ఉప్పులో ఉండే సోడియం ఉమ్మిలోనూ కొంత ఉంటుంది, నాలుక దానికి అలవాటుపడి ఉంటుంది. ప్రతిసారీ ఐదు సెకన్లు నోరంతా తిప్పి ఉమ్మేయాలి, మింగకూడదు.

నోరంతా అని ఊరికే అనలేదు. దూదిపుల్లతో నాలుక అంచున అద్ది కొలిచేవాళ్లున్నారు. తీపికి కొన, ఉప్పుకు అంచు, చేదుకు వెనక అనే పాత నాలుక పటాన్ని నమ్మి చేసే పని అది. ఆ పటం 1901 నాటి జర్మన్ పరిశోధనను తర్వాతివాళ్లు తప్పుగా గీసిన ఫలితం. రుచిమొగ్గలున్న ప్రతి చోటా అన్ని రుచులూ తెలుస్తాయి, తేడా చాలా కొద్ది.

ఇదే ఊపులో నోరూరే రిఫ్లెక్స్ కూడా కొలవొచ్చు. దూది ఉండకు దారం కట్టి, బంగారం తూచే కాటా మీద తూచి, నాలుక కింద రెండు నిమిషాలు పెట్టి మళ్లీ తూచండి. తర్వాత నాలుక మీద రెండు చుక్కల నిమ్మరసం వేసి, కొత్త ఉండతో అదే పని. పెరిగిన ఒక్కో గ్రామూ దాదాపు ఒక మిల్లీలీటరు ఉమ్మి. పులుపు కబురు మెదడు కాండానికి (మెదడు అడుగు భాగానికి) వెళ్లి ఉమ్మి గ్రంథులకు తిరిగొచ్చిన గుర్తు అది. దారం కొస మాత్రం పెదవి బయటే ఉండాలి, దూది గొంతులోకి జారకూడదు. నిమ్మకాయ ఉప్పు పరీక్ష పూర్తయ్యాకే కోయండి.