దీపావళి ప్రమిదల్లోని బటన్ బ్యాటరీలు, ఇంట్లో ఉంచుకోవలసిన తేనె

దీపావళికి నూనె ప్రమిదలతో పాటు బ్యాటరీతో వెలిగే ప్లాస్టిక్ ప్రమిదలు కూడా ఇప్పుడు ఇళ్లలోకి వస్తున్నాయి. నిప్పుతో పని లేదు కనుక పిల్లలున్న ఇంటికి ఇవే క్షేమమని చాలామంది అనుకుంటారు గాని, వాటి అడుగున ఉండే బటన్ బ్యాటరీ పసివాడి నోట్లోకి వెళ్తే జరిగే హాని కాకరపువ్వొత్తి చురక కంటే ఎన్నో రెట్లు పెద్దది.

ఎక్కువగా వాడే సీఆర్2032 బ్యాటరీ వెడల్పు 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు. చిన్న పిల్లల అన్నవాహికలో ఇరుక్కుపోవడానికి ఆ వెడల్పు చాలు. బ్యాటరీ పగిలి లోపలి మందు కారడం వల్లనే ప్రమాదమని అనుకోవడం పొరపాటు. తడిగా ఉన్న అన్నవాహిక లోపలి పొరకు బ్యాటరీ తగలగానే కరెంటు ప్రవహించి, రుణధ్రువం (మైనస్) వైపు గాఢమైన క్షారం పుడుతుంది. అది రెండు గంటల్లోనే అన్నవాహిక గోడను లోతుగా కాల్చివేయగలదు. ప్రమిద వెలగడం మానేసిందని తీసి పక్కన పెట్టిన పాత బ్యాటరీలో కూడా ఈ పని చేయగలిగినంత శక్తి మిగిలే ఉంటుంది.

అందుకే కొనేటప్పుడే ప్రమిదను తిరగేసి, బ్యాటరీ మూతకు స్క్రూ ఉందో లేదో చూడాలి. గోటితో లాగితే ఊడివచ్చే మూత ఉన్నవాటిని పిల్లలున్న ఇంటికి తేకపోవడమే మంచిది. ఇప్పటికే తెచ్చి ఉంటే మూత మీద గట్టి టేపు చుట్టి, అందని ఎత్తులో పెట్టాలి. పండుగ మర్నాడు ప్రమిదలు సర్దేటప్పుడు ఎన్ని పెట్టామో అన్నీ లెక్కకు వచ్చాయా, ప్రతి దానిలోనూ బ్యాటరీ ఉందా అని చూసుకోవాలి. వాడేసిన బ్యాటరీకి రెండు వైపులా టేపు అంటించి వెంటనే పారవేయాలి గాని, కిటికీ గట్టు మీద వదలకూడదు.

ఇన్ని చేసినా పిల్లవాడు మింగాడన్న అనుమానం వస్తే, చొంగ కారడం, అన్నం వద్దనడం, దగ్గు, వాంతి, ఛాతీ నొప్పి వంటి లక్షణాలు కనిపించేదాకా ఆగకూడదు, ఎందుకంటే మొదట్లో ఏ లక్షణమూ లేకపోవచ్చు. 108కి ఫోన్ చేసి గాని, సొంత బండిలో గాని, ఎక్స్‌-రే, ఎండోస్కోపీ (గొంతులోంచి గొట్టం పంపి లోపల చూసే పద్ధతి) రెండూ ఉన్న ఆసుపత్రికి బయలుదేరాలి. ఏడాది నిండిన పిల్లలైతే, మింగి 12 గంటలు దాటకపోతే, మింగగలిగే స్థితిలో ఉంటే, దారిలో పది నిమిషాలకు ఒకసారి రెండు టీస్పూన్ల తేనె, అంటే సుమారు 10 మిల్లీలీటర్లు, ఆరు సార్లకు మించకుండా పట్టవచ్చు. తేనె పడనివారికి ఇవ్వకూడదు. తేనె చిక్కగా ఉండి బ్యాటరీకీ అన్నవాహిక పొరకీ మధ్య పూతలా నిలుస్తుంది. దానికి సహజంగా ఉండే కొద్దిపాటి ఆమ్లగుణం క్షారం తీవ్రతను తగ్గిస్తుంది. అమెరికా వైద్యులు పంది పిల్లలపై పరీక్షించి 2018లో ప్రచురించిన ఫలితాల్లో పళ్లరసాలు, శీతల పానీయాల కంటే తేనె మెరుగ్గా పనిచేసింది. అయితే అది కాల్పును నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపదు; బ్యాటరీని బయటికి తీయడం ఒక్కటే చికిత్స. తేనె సీసా ఇంట్లో లేకపోతే దాని కోసం దుకాణానికి పరుగెత్తి సమయం పోగొట్టుకోవద్దు. తేనె తప్ప మరే ఆహారమూ, పానీయమూ ఇవ్వకూడదు, వాంతి చేయించకూడదు.

ఈ అవసరానికి అడవి తేనె, పుట్టతేనె అని వెతకనక్కరలేదు. దుకాణంలో దొరికే మామూలు తేనె సీసా చాలు. కొన్ని పూల మకరందంలోని విషం తేనెలోకి వచ్చే సందర్భాలు ఉన్నాయి కాబట్టి, ఎక్కడిదో తెలియని తేనెను పిల్లలకు ఇంత మోతాదులో పట్టకపోవడమే నయం.

ఏడాది నిండని బిడ్డకు మాత్రం ఈ సందర్భంలోనూ తేనె ఇవ్వరాదు. తేనెలో ఉండగల బొటులిజం క్రిమి బీజాలు ఆ వయసులో పేగుల్లో పెరిగి నరాలను చచ్చుబరిచే విషాన్ని పుట్టించగలవు. పురిటి బిడ్డకు తేనె నాకించడం, వసకొమ్మును తేనెతో అరగదీసి పట్టడం మన ఇళ్లలో ఉన్న అలవాట్లే అయినా, మానుకోవలసినవే.

ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో కొన్ని విషపదార్థాల వల్ల కాలేయానికి కలిగే నష్టాన్ని తేనె తగ్గించినట్టు కనిపించింది. అంతమాత్రాన పురుగుమందో, కిరోసినో, మరుగుదొడ్డి కడిగే ఆమ్లమో తాగినవారికి తేనె పట్టడం వైద్యం కాదు. బ్యాటరీ ముక్కులోనో చెవిలోనో దూరితే తేనె గాని చుక్కల మందు గాని వేయకూడదు. తడి తగిలితే కాల్పు పెరుగుతుంది.

ఎక్స్‌-రేలో బ్యాటరీ అంచు రెండు వలయాలుగా కనిపిస్తుంది, నాణేనికి అలా ఉండదు. కాబట్టి నాణెమే మింగాడని మీకు అనిపించినా బ్యాటరీ ప్రమిదల సంగతి వైద్యునికి చెప్పాలి. తీసివేసిన తర్వాత కూడా పుండు లోతుకు వెళ్లి పెద్ద రక్తనాళాన్ని తాకే అవకాశం కొన్ని వారాల పాటు ఉంటుంది. ఆ రోజుల్లో వాంతిలో నెత్తురు చారైనా, నల్లటి విరేచనమైనా కనిపిస్తే, రాత్రి అయినా సరే, అదే ఆసుపత్రికి తిరిగి తీసుకువెళ్లాలి.